వృత్తంలో వాటా: సెక్టరు వైశాల్యం కట్టే తీరు

వృత్త కేంద్రం నుంచి పరిధి మీదికి రెండు వ్యాసార్థాలు గీస్తే వృత్తం రెండు ముక్కలవుతుంది. రెండు వ్యాసార్థాలు, వాటి కొసల మధ్య సాగే చాపం హద్దులుగా ఉన్న ఒక్కో ముక్కను సెక్టరు అంటారు. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీనికి త్రిజ్యాంతరం అన్న పేరూ ఉంది. విప్పిన మడత విసనకర్ర ఆకారమే దీనిది. కేంద్రం దగ్గర కోణం 180 డిగ్రీలకు తక్కువైతే అల్ప సెక్టరు, ఎక్కువైతే అధిక సెక్టరు. కోణం సరిగ్గా 180 అయితే అది అర్ధవృత్తం, 90 అయితే పావు వృత్తం.

ఈ ముక్క వైశాల్యంతో అవసరం పదో తరగతి పరీక్షతో తీరిపోయేది కాదు. జావెలిన్ మైదానంలో గీతల మధ్య నేల, తోట మూలన తిరిగే స్ప్రింక్లరు తడిపే మేర, అంబ్రెల్లా లంగాకు పట్టే బట్ట, గరాటు చేయడానికి కత్తిరించే రేకు అన్నీ ఈ లెక్కలోకే వస్తాయి. పుస్తకాల్లో మూడు నాలుగు సూత్రాలు కనిపించినా వాటన్నిటి వెనకా ఉన్న ప్రశ్న ఒక్కటే: మొత్తం వృత్తంలో ఈ ముక్క వాటా ఎంత?

ముందు మొత్తం వృత్తం

వాటా తేలాలంటే మొత్తం ఎంతో తెలియాలి. ఏ వృత్తం పరిధినైనా దాని వ్యాసంతో భాగిస్తే ఒకే సంఖ్య వస్తుంది. గాజు చుట్టు కొలిచినా చెరువు గట్టు కొలిచినా అది మారదు. దాని పేరు ‘పై’, విలువ సుమారు 3.14159. ఈ సంఖ్యను ఏ భిన్నంగానూ కచ్చితంగా రాయలేమని 1761లో గణితజ్ఞుడు లాంబర్ట్ నిరూపించాడు. బడిలో వాడే 22/7 దగ్గరి విలువ మాత్రమే. అసలు విలువ కంటే అది పదివేలకు నాలుగు వంతులు ఎక్కువ. రోజువారీ పనుల్లో ఆ తేడా లెక్కలోకి రాదు.

వృత్త వైశాల్యానికి సూత్రం ఎలా వచ్చిందో చూడటానికి ఒక కాగితం, కత్తెర చాలు. కాగితం వృత్తాన్ని కేంద్రం గుండా 16 సమాన సెక్టర్లుగా కత్తిరించాలి. ఒక ముక్క మొన పైకి, పక్క ముక్క మొన కిందికి వచ్చేలా వరసగా పేర్చాలి. ఎగుడుదిగుడు అంచులున్న దీర్ఘచతురస్రం లాంటి బొమ్మ తయారవుతుంది. ముక్కలు 32, 64 అయ్యేకొద్దీ అంచులు నునుపవుతాయి. ఆ దీర్ఘచతురస్రం ఎత్తు వ్యాసార్థమంత. చాపాల్లో సగం పై అంచున, సగం కింది అంచున చేరాయి కాబట్టి పొడవు పరిధిలో సగమంత. అంటే వృత్త వైశాల్యం = సగం పరిధి × వ్యాసార్థం. సగం పరిధి అంటే ‘పై’ × వ్యాసార్థం. అందుకే వైశాల్యం = ‘పై’ × వ్యాసార్థం × వ్యాసార్థం.

ఈ సంగతి ప్రాచీనులకు బాగా తెలుసు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో ఆర్కిమిడీస్ దీన్ని ఒక త్రిభుజంగా చెప్పాడు. లంబకోణం పక్కనున్న రెండు భుజాల్లో ఒకటి వ్యాసార్థమంత, రెండోది పరిధి అంత ఉన్న త్రిభుజం వైశాల్యమే వృత్త వైశాల్యమన్నాడు. 96 భుజాల బహుభుజులతో లెక్కించి ‘పై’ విలువ 3 1/7 కంటే తక్కువని, 3 10/71 కంటే ఎక్కువని తేల్చాడు. క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో సగం పరిధిని సగం వ్యాసంతో గుణించే నియమం ఉంది. వ్యాసం 20,000 అయితే పరిధి సుమారు 62,832 అని కూడా అందులో ఉంది. భాగించి చూస్తే ‘పై’ విలువ 3.1416. 9వ శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసార సంగ్రహంలో క్షేత్రగణితానికి ఒక అధ్యాయమే ఉంది. అక్కడ వృత్తాలకు స్థూలంగా 3ను, సూక్ష్మంగా 10 వర్గమూలాన్ని వాడారు. ఆ గ్రంథాన్ని 11వ శతాబ్దంలో పావులూరి మల్లన పద్యాల్లో తెలుగు చేశాడు.

కోణం తెలిస్తే

పూర్తి చుట్టుకు 360 డిగ్రీలు. కేంద్రం దగ్గర కోణం రెట్టింపైతే సెక్టరు వైశాల్యం కూడా రెట్టింపవుతుంది, సగమైతే సగమవుతుంది. కాబట్టి 360 డిగ్రీల్లో సెక్టరు కోణం ఎన్నో వంతో, వృత్త వైశాల్యంలో సెక్టరు వైశాల్యం అన్నో వంతు.

సెక్టరు వైశాల్యం = (కోణం ÷ 360) × ‘పై’ × వ్యాసార్థం × వ్యాసార్థం

వ్యాసార్థం 21 సెం.మీ., కోణం 60 డిగ్రీలు అనుకుందాం. 360లో 60 ఆరో వంతు. మొత్తం వృత్త వైశాల్యం 22/7 × 21 × 21 = 1,386 చ.సెం.మీ. అందులో ఆరో వంతు 231 చ.సెం.మీ. అదే జవాబు. మిగిలిన అధిక సెక్టరు కోణం 300 డిగ్రీలు, వైశాల్యం 1,386 నుంచి 231 తీసేస్తే 1,155 చ.సెం.మీ.

వెనక నుంచి వచ్చే లెక్కలూ ఇంతే తేలిక. 14 సెం.మీ. వ్యాసార్థమున్న వృత్తంలో ఒక సెక్టరు వైశాల్యం 77 చ.సెం.మీ. అయితే దాని కోణమెంత? వృత్త వైశాల్యం 616. అందులో 77 ఎనిమిదో వంతు. 360లో ఎనిమిదో వంతు 45. కోణం 45 డిగ్రీలు.

చాపం తెలిస్తే

కోణం కొలవడానికి ప్రతిచోటా కోణమాని పట్టదు. పెద్ద స్థలాల్లో కేంద్రం దగ్గర కోణం తీయడం కంటే, వంపు అంచు వెంట టేపు పరిచి చాపం పొడవు కొలవడం సులువు. అప్పుడు అక్కరకొచ్చే సూత్రం వేరు.

సెక్టరు వైశాల్యం = చాపం పొడవు × వ్యాసార్థం ÷ 2

ఇది త్రిభుజ వైశాల్య సూత్రంలాగే ఉంది. భూమి స్థానంలో చాపం, ఎత్తు స్థానంలో వ్యాసార్థం వచ్చాయి. పోలిక కాకతాళీయం కాదు. సెక్టరును కేంద్రం నుంచి సన్నని ముక్కలుగా విడదీస్తే ఒక్కో ముక్క దాదాపు త్రిభుజమే. దాని ఎత్తు దాదాపు వ్యాసార్థమంత. ముక్కలు ఎంత సన్నబడితే తేడా అంత తగ్గుతుంది. భూములన్నీ కలిస్తే చాపం. ఆర్కిమిడీస్ మొత్తం వృత్తానికి చెప్పిన త్రిభుజంలో ఈ ముక్క వాటాయే ఇది.

ఇందాకటి ఉదాహరణతోనే సరిచూడవచ్చు. 21 సెం.మీ. వ్యాసార్థానికి పరిధి 132 సెం.మీ. అందులో ఆరో వంతు 22 సెం.మీ. చాపం. 22ను 21తో గుణించి రెండుతో భాగిస్తే మళ్లీ 231. ఒకే జవాబుకు రెండు దారులు ఉండటం విద్యార్థులకు మంచి సాధనం. ఒక దారిలో చేసిన లెక్కను రెండో దారిలో సరిచూసుకోవచ్చు.

రేడియన్లలో

ఇంటర్మీడియట్‌కు వచ్చేసరికి కోణాలు డిగ్రీల నుంచి రేడియన్లకు మారతాయి. చాపం పొడవు సరిగ్గా వ్యాసార్థమంత ఉంటే అది కేంద్రం దగ్గర చేసే కోణం 1 రేడియన్. డిగ్రీల్లో సుమారు 57.3. చుట్టు మొత్తం 2 × ‘పై’ రేడియన్లు. రేడియన్ అన్న మాటను జేమ్స్ థామ్సన్ 1873లో బెల్‌ఫాస్ట్‌లోని క్వీన్స్ కాలేజీ పరీక్ష ప్రశ్నల్లో వాడాడు.

రేడియన్లలో చాపం = వ్యాసార్థం × కోణం. దీన్ని చాపం సూత్రంలో పెడితే సెక్టరు వైశాల్యం = వ్యాసార్థం × వ్యాసార్థం × కోణం ÷ 2. ‘పై’, 360 రెండూ తప్పుకున్నాయి. వ్యాసార్థం 10 సెం.మీ., కోణం 2 రేడియన్లు అయితే వైశాల్యం 10 × 10 × 2 ÷ 2 = 100 చ.సెం.మీ. కలనగణితంలోనూ కంప్యూటర్ ప్రోగ్రాముల్లోనూ కోణాలు సాధారణంగా రేడియన్లలోనే ఉంటాయి. డిగ్రీల సంఖ్యను నేరుగా ఈ సూత్రంలో పెడితే జవాబు 57 రెట్లకు పైగా పెరిగిపోతుంది.

సెక్టరు వేరు, వృత్తఖండం వేరు

చాపం రెండు కొసలను కలిపే సరళరేఖ జ్యా. జ్యాకూ చాపానికీ మధ్య ఉన్న ప్రాంతం వృత్తఖండం. దీన్ని సెక్టరుతో కలిపేసుకోవడం తరచుగా జరిగే పొరపాటు. అల్ప సెక్టరు నుంచి రెండు వ్యాసార్థాలు, జ్యా చేసే త్రిభుజాన్ని తీసేస్తే మిగిలేదే వృత్తఖండం. 14 సెం.మీ. వ్యాసార్థమున్న పావు వృత్తం వైశాల్యం 154 చ.సెం.మీ. లోపలి లంబకోణ త్రిభుజం 14 × 14 ÷ 2 = 98. మిగిలిన ఖండం 56 చ.సెం.మీ. కోణం 180 డిగ్రీలు దాటిన ఖండానికి త్రిభుజాన్ని తీసేయకుండా కలపాలి.

ఈ లెక్క పెట్రోల్ బంకుల్లో రోజూ పనికొస్తుంది. అక్కడ స్తూపాకారపు ట్యాంకును భూమిలో అడ్డంగా పడుకోబెట్టి పాతుతారు. పై నుంచి కడ్డీ దించి ఇంధనం ఎంత ఎత్తున ఉందో చూస్తారు. ట్యాంకు అడ్డుకోతలో ఇంధనం ఆక్రమించే భాగం వృత్తఖండం. మట్టం ట్యాంకు ఎత్తులో నాలుగో వంతు ఉంటే ఇంధనం కూడా నాలుగో వంతు ఉంటుందని అనిపిస్తుంది. లెక్క వేరుగా ఉంటుంది. ఆ మట్టం దగ్గర కేంద్రం వద్ద కోణం 120 డిగ్రీలు. సెక్టరు వృత్తంలో మూడో వంతు, అంటే 33.3 శాతం. త్రిభుజం సుమారు 13.8 శాతం. తీసేస్తే మిగిలేది 19.6 శాతానికి కాస్త తక్కువ. నాలుగో వంతు అనుకున్నది నిజానికి అయిదో వంతు కూడా లేదు. అందుకే మట్టం ఎంతుంటే ఎన్ని లీటర్లో చెప్పే పట్టికను ఒక్కో ట్యాంకుకు విడిగా తయారుచేస్తారు.

లోపలి ముక్క తీసేస్తే

సెక్టరు మొన దగ్గర చిన్న సెక్టరును తీసేస్తే వంపు తిరిగిన పట్టీ మిగులుతుంది. కారు అద్దం మీద వైపరు తుడిచే మేర ఈ ఆకారంలోనే ఉంటుంది. పెద్ద సెక్టరు వైశాల్యంలోంచి చిన్నదాన్ని తీసేస్తే దీని వైశాల్యం వస్తుంది. కోణం రెండింటికీ ఒక్కటే కాబట్టి వ్యాసార్థాల వర్గాల తేడాను పట్టుకుంటే చాలు.

అర్ధవృత్తంగా కత్తిరించే అంబ్రెల్లా లంగా ఇందుకు చక్కని ఉదాహరణ. నడుము చుట్టుకొలత 66 సెం.మీ., పొడవు 70 సెం.మీ. అనుకుందాం. నడుము దగ్గర అర్ధవృత్తపు చాపం 66 సెం.మీ. రావాలి కాబట్టి లోపలి వ్యాసార్థం 66 × 7 ÷ 22 = 21 సెం.మీ. బయటి వ్యాసార్థం 21 + 70 = 91 సెం.మీ. బట్ట వైశాల్యం 22/7 × (91 × 91 − 21 × 21) ÷ 2 = 12,320 చ.సెం.మీ., అంటే సుమారు 1.23 చదరపు మీటర్లు. అదే నడుముకు, అదే పొడవుకు పూర్తి వృత్తంగా కత్తిరిస్తే లోపలి వ్యాసార్థం 10.5 సెం.మీ. అవుతుంది, బట్ట 2 చదరపు మీటర్లకు చేరుతుంది. కుట్టుకు, మడతకు, కత్తిరింపులో పోయే ముక్కలకు అదనంగా చూసుకోవాలి.

జావెలిన్ మైదానం ఇంకా ముచ్చటైనది. పరుగుబాట వెడల్పు 4 మీటర్లు. దాని చివర 8 మీటర్ల వ్యాసార్థంతో చాపం గీస్తారు. ఆ వృత్త కేంద్రం నుంచి బయల్దేరి, చాపం పరుగుబాట అంచులను తాకే చోట్ల గుండా రెండు తెల్ల గీతలు సాగుతాయి. ఈటె ఆ గీతల మధ్యే పడాలి. వాటి మధ్య కోణం 28.96 డిగ్రీలు. ఈ వింత సంఖ్య వెనక తేలికైన కొలత ఉంది. 8 మీటర్ల దగ్గర గీతల మధ్య దూరం 4 మీటర్లు, అంటే సగం. కాబట్టి కేంద్రం నుంచి 80 మీటర్ల దగ్గర 40 మీటర్లు. కోణమాని లేకుండా టేపుతోనే గీతలు వేయవచ్చు. షాట్‌పుట్, డిస్కస్‌లకు కోణం 34.92 డిగ్రీలు. అక్కడ కేంద్రం నుంచి 20 మీటర్ల దగ్గర గీతల మధ్య 12 మీటర్లు ఉంటాయి.

2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్స్‌లో నీరజ్ చోప్రా ఈటెను 87.58 మీటర్లు విసిరి స్వర్ణం గెలిచాడు. దూరాన్ని చాపం లోపలి అంచు నుంచి కొలుస్తారు. కేంద్రం నుంచి చూస్తే ఆ ఈటె 95.58 మీటర్ల దూరంలో పడింది. చాపం నుంచి అంత దూరం వరకు గీతల మధ్య ఉన్న నేల ఎంత? 95.58 వర్గం నుంచి 8 వర్గం తీసేసి, ‘పై’తో గుణించి, అందులో 360కి 28.96 వంతులు తీసుకోవాలి. వచ్చేది సుమారు 2,290 చదరపు మీటర్లు. తెలుగు నేల కొలతల్లో 56 సెంట్లకు పైమాటే, అర ఎకరం దాటింది.

సెక్టరును చుడితే శంకువు

కాగితం సెక్టరును రెండు వ్యాసార్థాలూ కలిసేలా చుడితే శంకువు తయారవుతుంది. సెక్టరు వ్యాసార్థం శంకువు ఏటవాలు ఎత్తవుతుంది, చాపం శంకువు నోటి చుట్టవుతుంది. చుట్టినంత మాత్రాన వైశాల్యం మారదు. అందువల్ల శంకువు వక్రతల వైశాల్యం సెక్టరు వైశాల్యమే: చాపం × వ్యాసార్థం ÷ 2. చాపం స్థానంలో నోటి పరిధిని పెడితే అది ‘పై’ × నోటి వ్యాసార్థం × ఏటవాలు ఎత్తు అవుతుంది. శంకువు పాఠంలో విడిగా వల్లెవేసే సూత్రం ఇక్కడి నుంచి వచ్చిందే.

నోటి వ్యాసార్థం 7 సెం.మీ., నిలువు ఎత్తు 24 సెం.మీ. ఉండే శంకువును రేకుతో చేయాలంటే ముందు ఏటవాలు ఎత్తు కట్టాలి. 7 వర్గం 49, 24 వర్గం 576, కలిపితే 625. దాని వర్గమూలం 25. కాబట్టి రేకు మీద 25 సెం.మీ. వ్యాసార్థంతో వృత్తం గీయాలి. కోణం 360 × 7 ÷ 25 = 100.8 డిగ్రీలు. పట్టే రేకు 22/7 × 7 × 25 = 550 చ.సెం.మీ. అతుకుకు కాస్త అంచు వదిలితే సరిపోతుంది.

వ్యాసార్థం బలం

సెక్టరు వైశాల్యాన్ని కోణం, వ్యాసార్థం రెండూ నిర్ణయిస్తాయి. ఆ రెండింటి ప్రభావం మాత్రం సమానం కాదు. కోణం రెట్టింపైతే వైశాల్యం రెట్టింపు. వ్యాసార్థం రెట్టింపైతే వైశాల్యం నాలుగు రెట్లు. తోట మూలన పెట్టిన స్ప్రింక్లరు 90 డిగ్రీల మేర తిరుగుతూ 14 మీటర్ల దూరం నీళ్లు చిమ్మితే 154 చదరపు మీటర్లు తడుస్తుంది. నీటి ఒత్తిడి తగ్గి 7 మీటర్లకే చిమ్మితే తడిసేది 38.5 చదరపు మీటర్లు మాత్రమే. దూరం సగమైతే నేల నాలుగో వంతయింది.

లెక్కల బొమ్మలు గీసేవారికి ఈ తేడా చాలా ముఖ్యం. 1801లో విలియం ప్లేఫెయిర్ ప్రచురించిన పై చార్టు (pie chart)లో ఒక వృత్తంలోని ముక్కలన్నిటికీ వ్యాసార్థం ఒక్కటే, కాబట్టి కోణమే వాటాను చెబుతుంది. 1858లో ఫ్లోరెన్స్ నైటింగేల్ క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికుల మరణాలను చూపడానికి ఇంకో పద్ధతి వాడింది. పన్నెండు నెలలకు పన్నెండు సెక్టర్లు, ఒక్కోటి 30 డిగ్రీలు. మరణాల సంఖ్యను సెక్టరు వైశాల్యం చూపుతుంది. ఒక నెలలో మరణాలు ఇంకో నెలకు నాలుగు రెట్లుంటే వ్యాసార్థం రెండు రెట్లే ఉండాలి. అక్కడ వ్యాసార్థాన్నే నాలుగు రెట్లు చేస్తే బొమ్మలో మరణాలు పదహారు రెట్లుగా కనబడి చూసేవారిని తప్పుదోవ పట్టిస్తాయి. గాయాల కంటే నివారించగల రోగాలకే ఎక్కువమంది బలయ్యారని ఆ బొమ్మ చూపింది.

పొరపాట్లు ఎక్కడ

విద్యార్థులకు మార్కులు పోయే చోట్లు కొన్నే. వ్యాసం ఇస్తే సగం చేయకుండా దాన్నే వ్యాసార్థంగా వాడటం మొదటిది. కొలతలు వేర్వేరు ప్రమాణాల్లో, ఒకటి మీటర్లలో ఇంకొకటి సెంటీమీటర్లలో, ఉన్నా మార్చకపోవడం రెండోది. చాపం పొడవు అడిగితే వైశాల్యం, వైశాల్యం అడిగితే చాపం కట్టడం మూడోది. చుట్టుకొలత అడిగినప్పుడు చాపం మాత్రమే రాసి రెండు వ్యాసార్థాలు కలపడం మరిచిపోవడం నాలుగోది. ముందు బొమ్మ గీసి, ఇచ్చిన కొలతలు దాని మీద రాసుకుంటే వీటిలో చాలావరకు తప్పుతాయి.

జవాబు నమ్మదగ్గదేనా అని ఒక్క చూపులో తేల్చుకోవచ్చు. కోణం 90కి తక్కువైతే సెక్టరు వృత్తంలో నాలుగో వంతు కంటే చిన్నదే కావాలి, 180కి తక్కువైతే సగం కంటే చిన్నదే కావాలి. అలా లేకపోతే లెక్కలో ఎక్కడో జారినట్టే.

పిల్లలకు ఈ పాఠం చెప్పేవారు సూత్రాల పట్టికతో మొదలుపెట్టకుండా, కాగితం వృత్తాన్ని చేతికిచ్చి మడిచి కత్తిరించమనడం మేలు. మొత్తంలో ఈ ముక్క ఎన్నో వంతు అన్న ప్రశ్న మనసుకు పట్టిన పిల్లలు డిగ్రీల సూత్రం, చాపం సూత్రం, రేడియన్ల సూత్రం, శంకువు సూత్రం అన్నిటినీ తామే రాబట్టుకోగలరు. బట్టీ పట్టిన సూత్రం మరుపుకొస్తుంది. వాటాగా అర్థమైన లెక్క నిలిచిపోతుంది.